మూడో సెల్

చలి మొదలైతే చాలు, అలారం లేకుండానే ఐదింటికి మెలకువ వచ్చేస్తుంది నాకు. ఎవరో టార్చిలైటు చేతిలో పెట్టి "లే రా, పట్టుకో" అన్నట్టే ఉంటుంది. చిన్నప్పుడు చలికాలం పొద్దున అంటే మా ఇంట్లో నాన్న బండి స్టార్ట్ చేసే టైము, ఆ టైముకి లేచి టార్చి పట్టుకోవడం నా పని, ఎండాకాలంలో ఆ పని ఉండేది కాదు, అప్పుడు ఒక్క కిక్కుకే పట్టుకునేది బండి, నేను నిద్రలోనే ఆ చప్పుడు విని అటు తిరిగి పడుకునేవాణ్ణి. చలికాలం మాత్రం నేనూ నాన్నా బండీ, ముగ్గురమూ కలిసి లేవాల్సిందే.

బండి పేరు చెప్పను, అది ఏ కంపెనీదైనా ఆ కాలం బళ్ళన్నీ ఇంచుమించు ఒకటే. సింగిల్ సిలిండర్, ఫోర్ స్ట్రోక్, సెల్ఫ్ స్టార్ట్ లేదు, కిక్కు ఒక్కటే దిక్కు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అనే మాటే లేదు, స్పార్కు పుట్టించే కాయిలు, దానికి కరెంటు ఇస్తూ ఆపుతూ ఉండే చిన్న స్విచ్చిలాంటి పాయింట్లు, వాటికి తోడు కండెన్సరు, అంతే. హెడ్‌లైటు డోము మీద కరెంటు ఎటు పోతోందో చూపించే చిన్న అమ్మీటరు ఉండేది, ఎడం చేతి క్లచ్ లివరు పక్కన ఇంకో చిట్టి లివరు, అది డీకంప్రెసరు, నొక్కితే సిలిండరులో బిగిసిన ఒత్తిడి బయటికి పోతుంది. సైడు డబ్బాలో 6 వోల్టుల బ్యాటరీ, లోపల మూడు గదులు, వాటినే సెల్లులంటారు, ఒక్కోదానికి ఒక మూత. నేను పుట్టకముందే నాన్న సెకండ్‌హ్యాండులో కొన్నాడు దాన్ని, అప్పటికే అది ఇద్దరి చేతులు మారి వచ్చింది.

ఇప్పటి వాళ్ళకి కిక్కు అంటే కాలితో ఒక తొక్కు. మా బండికి అలా కాదు, దానికొక వరస ఉండేది, ఆ వరసలో ఒక్కటి తప్పినా పట్టుకునేది కాదు. ముందు తాళం పెట్టకుండానే క్లచ్ పట్టుకుని రెండు మూడు సార్లు కిక్కు రాడ్డు కిందకి తొక్కేవాడు. రాత్రంతా చలికి ఆయిలు బిగుసుకుని క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, అవి విడిపోవాలి, లేకపోతే స్టార్ట్ అయ్యాక గేరు వెయ్యగానే బండి ఎగిరి ఆగిపోతుంది. తర్వాత పెట్రోలు ట్యాపు తిప్పి, కార్బురేటరు మీద ఉన్న చిన్న పిన్ను వేలితో నొక్కి పట్టుకునేవాడు, లోపల ఫ్లోటు మునిగి పెట్రోలు పైకి వచ్చి వేలికి చల్లగా తగిలేదాకా. ఆ వేలు ప్యాంటుకి తుడుచుకుని చోక్ వేసేవాడు. అప్పుడు తాళం.

అక్కడి నుంచే నా టార్చికి పని. తాళం తిప్పగానే అమ్మీటరు సూది ఎడం పక్కకి, మైనస్ వైపుకి, కొంచెం వాలేది. వాలిందీ అంటే పాయింట్లు మూసుకుని ఉన్నాయి, కాయిలులోకి కరెంటు పోతోంది అని. నాన్న కిక్కు రాడ్డుని కాలితో మెల్లగా, చాలా మెల్లగా కిందకి నొక్కేవాడు, ఒకచోట గట్టిగా తగిలేది, పిస్టను లోపలి గాలినీ పెట్రోలునీ నొక్కుతూ, అంటే కంప్రెషన్‌లో, పైకి వచ్చిందన్నమాట. ఇంకొంచెం నొక్కితే సూది మధ్యకి వచ్చి సున్నా మీద నిలబడేది, అంటే పాయింట్లు విచ్చుకున్నాయి. "వచ్చిందా?" అనేవాడు. ఆయనకి కనపడక కాదు, నన్ను చూడమని. "వచ్చింది నాన్నా" అనేవాణ్ణి. అప్పుడు డీకంప్రెసరు నొక్కి, కాలితో ఒక్క ఇంచి ముందుకి జరిపి, లివరు వదిలేసి, కిక్కు రాడ్డుని పూర్తిగా పైకి రానిచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి ఒకే ఒక్క కిక్కు. అందులో విసురు లేదు, బలం చూపించడం లేదు, ఒంటి బరువు దిగేది, అంతే.

ఆ ఒక్క ఇంచి జరపడం ఎందుకో చాలా ఏళ్ళకి అర్థమైంది నాకు. పిస్టను పైకి పూర్తిగా రాకముందే స్పార్కు పడేలా టైమింగు పెట్టి ఉంటుంది. అక్కడి నుంచి బలం లేకుండా తొక్కితే మంట పిస్టన్ని వెనక్కి తోస్తుంది, ఆ దెబ్బ కిక్కు రాడ్డు ద్వారా నేరుగా కాలికి వస్తుంది. పిస్టన్ని పై అంచు దాటించి పెడితే, ఇంజనుకి మళ్ళీ కంప్రెషన్ దగ్గరికి వచ్చేలోపు దాదాపు రెండు చుట్లు దొరుకుతాయి, ఆ రెండు చుట్లలో ఇంజను లోపలి బరువు చక్రం, ఫ్లైవీలు, ఊపందుకుంటుంది, ఆ ఊపే కంప్రెషన్ని దాటిస్తుంది. నాన్న ఇదంతా ఎప్పుడూ ఇలా విడమరిచి చెప్పలేదు, "అంచు దాటించు" అనేవాడు, అంతే.

చలికి బండి ఎందుకు మొరాయిస్తుంది అంటే చాలామంది బ్యాటరీ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి మూడూ ఒకేసారి ఎదురుతిరుగుతాయి, అదే అసలు బాధ. ఆయిలు చిక్కబడుతుంది, అప్పట్లో నాన్న పోసేది సింగిల్ గ్రేడ్ ఆయిలు, చలికి అది జిగురులా అయ్యేది, కిక్కుకి ఇంజను తిరిగే వేగం సగానికి పడిపోయేది. (తర్వాత 20 డబ్ల్యూ 50 వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది, ఆ డబ్ల్యూ అంటే వింటరు అని, చల్లగా ఉన్నప్పుడు 20 లాగా పల్చగా, వేడెక్కాక 50 లాగా ఉంటుందని ఆయిలు డబ్బా చూపించి నాన్నకి నేనే చెప్పాను, ఎంత సంతోషపడ్డాడో.) రెండోది పెట్రోలు, చల్లటి గాలిలో అది సరిగ్గా ఆవిరి కాదు, బొట్లు బొట్లుగా గోడలకి అంటుకుంటుంది, మంటకి పనికొచ్చేది ఆవిరే గానీ బొట్టు కాదు, అందుకే చోక్ వేసి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పంపడం. మూడోది బ్యాటరీ, అది పనిచేసేదే లోపలి రసాయన చర్య మీద, చలికి ఆ చర్య మందగిస్తుంది, ఇవ్వాల్సిన కరెంటు ఇవ్వలేదు. ఆయిలు వల్ల ఎక్కువ బలం కావాల్సిన రోజునే, పెట్రోలు వల్ల గట్టి స్పార్కు కావాల్సిన రోజునే, బ్యాటరీ నీరసంగా ఉంటుంది.

దానికి తోడు 6 వోల్టులు. ఈ 6 వోల్టుల సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి చెప్తున్నా. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద వెలగాలంటే 3 యాంపియర్లు కూడా అక్కర్లేదు, అదే బల్బు 6 వోల్టులదైతే దాదాపు 6 యాంపియర్లు లాగుతుంది. కరెంటు రెండింతలైతే అదే వైరులో పోయే నష్టం నాలుగింతలు. ఇంక ఎక్కడైనా జాయింటు దగ్గర తుప్పు పట్టి అర వోల్టు పోయిందనుకోండి, 12 వోల్టుల బండికి అది పెద్ద లెక్కలోకి రాదు, 6 వోల్టుల బండికి పన్నెండో వంతు అక్కడే పోయినట్టు. అందుకే నాన్న టెర్మినల్స్ విషయంలో అంత పట్టుదలగా ఉండేవాడు. టెర్మినల్ మీద తెల్లగా, కొన్నిసార్లు ఆకుపచ్చగా, ఉప్పులాంటిది పూసేది, దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కలిపిన సోడాతో కడిగేవాడు, బుసబుసా పొంగేది, నాకు అది చూడటం భలే ఇష్టం. మూతలు గట్టిగా బిగించాకే కడగాలి, ఆ సోడా నీళ్ళు ఒక్క చుక్క లోపలికి పోయినా సెల్లు పాడైనట్టే. తుడిచి, ఆరబెట్టి, వైరు బిగించి, పైన వాజలైను రాసేవాడు. చాలామంది వాజలైను ముందే రాసి తర్వాత బిగిస్తారు, అలా చెయ్యొద్దు, లోహానికి లోహం ముందు గట్టిగా తగలాలి.

ఆదివారం బ్యాటరీ రోజు. రెండు వారాలకోసారి తప్పకుండా బ్యాటరీ బయటికి తీసేవాడు. మూడు మూతలు విప్పి ఒక గుడ్డ మీద వరసగా పెట్టేవాడు, ఏ మూత ఏ సెల్లుదో అదే వరసలో. నేను టార్చి వేసి లోపలికి చూసేవాణ్ణి, ప్లేట్లు నీళ్ళలో మునిగి కనిపించేవి, ఒకటి ముదురు చాక్లెట్ రంగు, ఒకటి బూడిద రంగు, ఒకటి విడిచి ఒకటి. తర్వాత హైడ్రోమీటరు, యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చూసేది. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి, లోపల తేలే చిన్న గాజు కడ్డీ. బుడ్డి నొక్కి వదిలితే యాసిడ్ పైకి వచ్చేది, గాజు కడ్డీ అందులో పైకీ కిందకీ ఊగి ఊగి ఒకచోట నిలబడేది. "కళ్ళకి సమానంగా పెట్టి చూడు, పైనుంచి చూస్తే తప్పొస్తుంది" అనేవాడు. ఒట్టి నీళ్ళు 1000 అనుకుంటే, ఫుల్ చార్జిలో యాసిడ్ 1260, 1265 దగ్గర నిలవాలి. ఆ అంకెని వెయ్యితో భాగించి 0.84 కలిపితే ఆ సెల్లు వోల్టేజి ఇంచుమించు వచ్చేస్తుంది, 1.26కి 0.84 కలిపితే 2.1, మూడు సెల్లులకి 6.3. మల్టీమీటరు మా ఇంట్లో ఉండేది కాదు, ఈ లెక్కతోనే నాన్న మొత్తం చూసుకునేవాడు.

ఇంకో సంగతి, ఇది తెలియక చాలామంది మోసపోతారు. చలికి యాసిడ్ చిక్కబడి హైడ్రోమీటరులో ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. 27 డిగ్రీల దగ్గర సరైన లెక్క, అక్కడి నుంచి ప్రతి 3 డిగ్రీలు తగ్గితే ఆ అంకెలోంచి 2 తీసెయ్యాలి. 12 డిగ్రీల పొద్దున 1190 కనపడిందంటే అసలు ఉన్నది 1180. నాన్న ఒక చిన్న నోటుబుక్కులో ఇవన్నీ రాసేవాడు, తారీఖు, మూడు సెల్లుల అంకెలు, పక్కన చలి ఎంతో, కింద సరిచేసిన అంకెలు. నీళ్ళు పోస్తే "నీ" అని, చార్జింగ్ పెడితే "చా" అని. పెన్సిలుతోనే రాసేవాడు, బ్యాటరీ దగ్గర పెన్ను తడిస్తే అక్షరాలు పోతాయని.

నీళ్ళంటే డిస్టిల్డ్ వాటరే. ఎప్పుడూ యాసిడ్ పోసేవాడు కాదు, ఎండకీ చార్జింగుకీ పోయేది నీళ్ళే, యాసిడ్ ఎక్కడికీ పోదు, దాన్ని మళ్ళీ పోస్తే లోపల మరీ చిక్కనైపోయి ప్లేట్లు తినేస్తుంది. యాసిడ్ ఒక్క చుక్క ఎక్కడ పడిందో అప్పటికప్పుడు తెలిసేది కాదు. ఆ రోజు ఏమీ కనపడదు, బట్ట ఉతికాక మాత్రం చుక్క పడ్డచోట దారాలు విడిపోయి చిన్న చిన్న కన్నాలు. నాన్న ప్యాంట్లు చాలావాటికి తొడ దగ్గర అలాంటి కన్నాలుండేవి, అమ్మ లోపలినుంచి చిన్న ముక్క వేసి కుట్టేది, బయటికి తెలీకుండా.

ఇప్పుడు పరీక్ష రోజు సంగతి. నేను పదో తరగతి. అది ప్రిపరేటరీ కూడా కాదు, అసలు పరీక్ష, మొదటి రోజు. సెంటరు దూరం, పొద్దున్నే బయలుదేరాలి, చలి పోయే రోజులే గానీ ఆ వారం మళ్ళీ తిరగబెట్టింది, మంచు కూడా దిగింది. నాన్న అన్నీ వరసగానే చేశాడు. క్లచ్, ట్యాపు, పిన్ను, చోక్, తాళం. సూది వాలలేదు. వాలలేదు అంటే అసలు కదలలేదని కాదు, ఒక వెంట్రుక వాసి కదిలింది. నాన్న ఏం మాట్లాడలేదు. తాళం ఆపి మళ్ళీ తిప్పాడు, అంతే కదిలింది. హారన్ నొక్కాడు, గొంతు పట్టేసిన వాడు పిలిచినట్టు వచ్చింది.

అయినా కిక్కు కొట్టాడు. ఆరేడు కొట్టాక ప్లగ్గు తీశాడు, తడిసిపోయి ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. గుడ్డతో తుడిచాడు, తాళం ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి నాలుగు ఒట్టి కిక్కులు కొట్టి లోపల నిండిన పెట్రోలు బయటికి ఊదేశాడు, ప్లగ్గు పెట్టి మళ్ళీ. లేదు. కొన్ని పాత బళ్ళలో ఇగ్నిషన్ స్విచ్చికి ఎమర్జెన్సీ పొజిషన్ అని ఒకటుంటుంది, బ్యాటరీ చచ్చినా, ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి నేరుగా కాయిలుకి కరెంటు పోయేలా, మాదానికి ఆ కాంటాక్టు ఎప్పుడో అరిగిపోయింది. స్పార్కుకి కావాల్సిన కరెంటు తనే పుట్టించుకునే మాగ్నెటో ఉన్న బళ్ళకి అసలు ఈ గొడవే లేదు, వాటికి బ్యాటరీతో పనే లేదు.

"దిగు, నెడదాం" అన్నాడు. సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని, ఆయన హ్యాండిల్ దగ్గర, నేను వెనక. ఫస్ట్ గేరులో నెడితే చక్రం బిగుసుకుని జారుతుంది, సెకండ్ గేరే కరెక్టు. మొదటిసారి పరిగెత్తి క్లచ్ వదిలితే టప్ మని ఒక్క చప్పుడు, ఆగిపోయింది. రెండోసారీ అంతే. నా పరీక్ష అట్ట, పెన్నుల డబ్బా సీటు మీద కట్టి ఉన్నాయి, నెడుతూ వాటినే చూస్తున్నా. మూడోసారి నాన్న డీకంప్రెసరు కూడా పట్టుకుని పరిగెత్తాడు, బండి తేలిగ్గా దొర్లింది, బాగా ఊపందుకున్నాక ఎగిరి సీటు మీద పక్కకి కూర్చుంటూనే రెండు లివర్లూ వదిలేశాడు. పట్టుకుంది. ముందు ఒకటి, తర్వాత ఒకటి, తర్వాత వరసగా. నాన్న థ్రాటిల్ వదలకుండా పట్టుకుని నిలబడ్డాడు, ఆయన నోట్లోంచీ సైలెన్సర్లోంచీ ఒకే రకంగా ఆవిరి వస్తోంది.

ఇక్కడితో అయిపోలేదు. ఇంకా చీకటి, మంచు, లైటు వెయ్యాలి. లైటు వేస్తే ఆల్టర్నేటరు ఇచ్చేదంతా అదే తాగేస్తుంది, కాయిలుకి మిగలదు, బండి ఆగిపోతుంది. నాన్న ఒక్కసారి స్విచ్చి నొక్కి చూశాడు, ఇంజను వెంటనే మూలిగింది, తీసేశాడు. "టార్చి తే" అన్నాడు. నేను వెనక కూర్చుని ఆయన భుజం మీదుగా టార్చి ముందుకి పట్టుకున్నాను. అలా వెళ్ళాం, మెల్లగా, రోడ్డు ఎడం అంచు పట్టుకుని. టార్చి వెలుతురు మంచులో ఒక తెల్లటి గొట్టంలా ఉండేది, దాని చివర రోడ్డు కొంచెం కనిపించేది. నా చెయ్యి లాగేసి వణుకుతుంటే నాన్న ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని తన భుజానికి ఆనించుకున్నాడు. తెల్లారేదాకా దించలేదు నేను. దారంతా నాన్న ఒకటే మాట రెండుసార్లు అన్నాడు, "మూడో సెల్లు రా."

పరీక్షకి టైముకే చేరాను, బాగానే రాశాను. సాయంత్రందాకా ఆయన బండి ఆఫ్ చెయ్యకుండా ఎలా ఉంచాడు అని నాకు చాలా కాలం అనుమానం, తర్వాత తెలిసింది, ఆఫ్ చేసి, అక్కడే ఉండి, నేను బయటికి వచ్చే ముందు మళ్ళీ నెట్టాడట, ఒక్కడే.

తర్వాత నెలలో కొత్త బ్యాటరీ వచ్చింది. డ్రైగా వచ్చింది, మనమే యాసిడ్ పోసి నానబెట్టి చార్జి చెయ్యాలి. మొదటి చార్జింగు తొందరపడితే ఆ బ్యాటరీ జీవితాంతం నీరసంగానే ఉంటుందని నాన్న ఒక రోజంతా దాని దగ్గరే ఉన్నాడు. కెపాసిటీలో పదో వంతు కరెంటు, అంటే 12 యాంపియర్ అవర్ల బ్యాటరీకి 1.2 యాంపియర్లు, అంతకు మించి ఎక్కనివ్వలేదు. కిటికీలు తెరిచి, మూతలు తీసి, దగ్గరికి అగ్గిపుల్ల కూడా రానివ్వకుండా, ఎందుకంటే చివర్లో బుడగలు బుడగలుగా వచ్చేది హైడ్రోజన్. గంటకోసారి హైడ్రోమీటరు పెట్టి చూస్తూ, మూడుసార్లు వరసగా అదే అంకె వస్తే అప్పుడు నిండినట్టు. ఆ రాత్రి హెడ్‌లైటు వేసి ఎదురుగోడ మీద పడ్డ వెలుతురు చూపించాడు, పచ్చగా కాదు, తెల్లగా.

స్కూల్లో బ్యాటరీ పాఠం వచ్చినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. 1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులు చుట్టి యాసిడ్లో పెట్టి మొదటి లెడ్ యాసిడ్ బ్యాటరీ చేశాడు, 1881లో కమిల్ ఫోర్ అనే ఆయన ఆ రేకులకి సీసం పేస్టు పూసి కెపాసిటీ పెంచాడు, ఇప్పటికీ లోపల జరిగేది అదే. చాక్లెట్ రంగుది లెడ్ డయాక్సైడు, బూడిద రంగుది మామూలు సీసం, కరెంటు ఇచ్చేకొద్దీ రెండూ లెడ్ సల్ఫేటు అవుతాయి, యాసిడ్ నీళ్ళవుతుంది. అందుకే హైడ్రోమీటరులో కడ్డీ కిందకి దిగిపోతుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట్ల ఇది ఇంకా ముఖ్యం, ఫుల్ చార్జిలో ఉన్న యాసిడ్ మైనస్ 50 డిగ్రీలకి కూడా గట్టిపడదు, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగులుతుంది. టీచరు బోర్డు మీద సమీకరణం రాస్తుంటే నాకు గుడ్డ మీద వరసగా పెట్టిన మూడు మూతలే కనిపించాయి.

కిక్కు నేను ఇంటర్‌లో నేర్చుకున్నాను. అంచు దాటించకుండా తొందరపడి ఒకసారి తొక్కితే వెనక్కి కొట్టింది, మడమ వాచి వారం కుంటుతూ నడిచాను, నాన్న తిట్టలేదు, సూది ఎక్కడుండగా తొక్కావు అని మాత్రం అడిగాడు. చూడలేదన్నాను. "అదే మరి" అన్నాడు. చోక్ ఎప్పుడు తియ్యాలో మాత్రం ఆయన నేర్పలేకపోయాడు, అది చెవికి తెలియాల్సిందే. స్టార్ట్ అయ్యాక మొదట ఇంజను గుబగుబమని బరువుగా కొడుతుంది, కాసేపటికి మధ్యలో ఒక దెబ్బ తడబడుతుంది, పెట్రోలు ఎక్కువైందని ఆ తడబాటే చెప్తుంది, అప్పుడు సగం తియ్యాలి. నాన్న వసారాలో కూర్చుని పేపరు చదువుతూనే "తియ్యి" అనేవాడు, నాకు ఆ తడబాటు వినపడేలోపే.

తర్వాత చదువు, ఉద్యోగం, ఊళ్ళు మారడం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, కిక్కు కొట్టడం మానేశాడు, బండి మూలకి చేరింది. నేను దాన్ని మళ్ళీ బయటికి తీసేసరికి ఏళ్ళు గడిచాయి. బ్యాటరీ మూతలు విప్పి చూస్తే ప్లేట్ల మీద తెల్లటి పెంకు. సల్ఫేటు, వెంటనే చార్జి చేస్తే కరిగిపోయేదే, అలా వదిలేస్తే పెద్ద పెద్ద స్ఫటికాలై గట్టిపడిపోతుంది, ఇంక లొంగదు. అయినా చార్జింగ్ పెట్టాను, చాలా తక్కువ కరెంటు మీద రెండు రోజులు. వోల్టేజి చూపిస్తుంది, బల్బు పెట్టగానే సున్నా. కొత్తది తెచ్చాను. అయినా స్పార్కు లేదు, కాయిలు అనుమానించాను, కండెన్సరు మార్చాను, చివరికి చూస్తే పాయింట్ల మీద కంటికి కనపడని పొర. వాడకుండా ఉంచితే అలా పట్టేస్తుంది. ఒక గట్టి తెల్ల కాగితం ముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే బూడిద రంగు గీత వచ్చింది కాగితం మీద, మూడోసారి శుభ్రంగా వచ్చింది. గ్యాపు 0.35కీ 0.40 మిల్లీమీటరుకీ మధ్య సరిచేశాను. తాళం తిప్పాను. సూది వాలింది. ఎన్ని ఏళ్ళ తర్వాతో.

ఆ పనిలోనే టూల్ బాక్సు అడుగున గుడ్డలో చుట్టిన నోటుబుక్కు దొరికింది. పెన్సిలు రాత అలాగే ఉంది. కూర్చుని మొదటి నుంచి చదివాను. మూడు వరసల అంకెలు, మొదటి రెండూ పక్కపక్కనే నడుస్తూ ఉంటాయి, మూడోది మాత్రం నేను పదో తరగతిలో ఉన్న ఏడాది దసరా సెలవుల నుంచే కిందకి దిగడం మొదలైంది. 1250, 1250, 1235. తర్వాత 1250, 1245, 1220. "చా." 1255, 1250, 1220, అంటే చార్జింగు పెట్టినా అది ఎక్కలేదు. ప్లేట్ల నుంచి రాలిన పొడి అడుగున పేరుకుని లోపలే షార్టు అవుతూ ఉండాలి. పరీక్షలకి మూడు వారాల ముందు 1240, 1240, 1190, చలి 12, సరిచేసి 1230, 1230, 1180. పక్కన చిన్న అక్షరాలతో, "మార్చాలి. ఈ నెల కాదు. ఫీజు."

అది పరీక్ష ఫీజు నెల. అప్పుడే ట్యూషన్ ఫీజు కూడా కట్టాడు, ఒకేసారి. కట్టిన రసీదు నా చేతికే ఇచ్చాడు, నేనే దాచిపెట్టాను.

ఆ పేజీ తర్వాత తారీఖు పరీక్ష రోజుది. ఆ రోజు సాయంత్రం ఇంటికి వచ్చి కూడా కొలిచాడన్నమాట. 1215, 1210, 1120. ఇంక ఏమీ రాయలేదు దాని పక్కన.

ఇప్పుడు బండి నా దగ్గరే ఉంది. 12 వోల్టులకి మార్చెయ్యి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టెయ్యి, మెయింటెనెన్స్ లేని సీల్డ్ బ్యాటరీ వెయ్యి అని తెలిసినవాళ్ళందరూ చెప్తారు, రోజూ ఆఫీసుకి దాని మీదే వెళ్ళేవాళ్ళకి నేనూ అదే చెప్తాను, అది మంచి సలహానే. నేను మాత్రం 6 వోల్టులే ఉంచాను. మూతలున్న బ్యాటరీయే వెతికి తెచ్చుకుంటాను. వెనక లైటుకి ఎల్‌ఈడీ బల్బు వేశాను, ఎర్త్ వైర్లన్నీ కొత్తవి లాగాను, ఫ్రేముకి తగిలేచోట పెయింటు గీకి మెరిసే లోహం కనపడేదాకా, ఆ ఒక్క పనితోనే లైటు ఎంత పెరిగిందో చెప్పలేను. వారానికి ఒకసారైనా అరగంట నడుపుతాను, ఇంటి చుట్టూ ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే అది చార్జింగు కాదు. చలికాలం ముందు ఆయిలు మారుస్తాను. రెండు వారాలకోసారి మూతలు విప్పుతాను, గుడ్డ మీద వరసగా పెడతాను.

రాసేది ఆ నోటుబుక్కులోనే. నాన్న ఆపినచోట ఒక లైను వదిలి మొదలుపెట్టాను, పెన్సిలుతోనే. మా అమ్మాయికి టార్చి అక్కర్లేదు, ఫోను లైటు వేసి పట్టుకుంటుంది, "జీరో మీదకి వచ్చింది నాన్నా" అంటుంది, ఆ మాట విన్నాకే నేను లివరు నొక్కుతాను.

నాన్న ఇప్పుడు మా తమ్ముడి దగ్గర ఉంటాడు, ఫోను చేస్తే ముందు పిల్లల సంగతి, తర్వాత అమ్మకి ఇచ్చేస్తాడు, అంతకన్నా ఎక్కువ మాట్లాడడు. చలికాలం మాత్రం ఆదివారం ఆయనే చేస్తాడు. ఇవాళ పొద్దున్న కూడా చేశాడు. "తీశావా?" అన్నాడు. తీశానన్నాను. "ఎంత?" 1265, 1260, 1260 అని చదివాను. "చలి ఎంత?" 15 అన్నాను. కాసేపు లెక్క వేసుకున్నట్టున్నాడు, అవతల నుంచి ఊపిరి వినపడుతోంది. "8 తీసెయ్యి" అన్నాడు. "తీసే రాశాను నాన్నా" అన్నాను. "సరే. మూడోదాన్ని చూస్తూ ఉండు" అని అమ్మకి ఫోను ఇచ్చాడు.